ఒకటే చట్టం, ఏడు సరిహద్దులు

తుపాకీ లైసెన్స్‌కు దేశమంతటా చట్టం ఒక్కటే. కానీ భిలాయిలో తీసుకున్న లైసెన్స్ ఎంతదూరం చెల్లుతుందో, అసలు చేతికి వస్తుందో రాదో తేల్చేది మాత్రం ఏ జిల్లాలో, ఏ అధికారి ముందు దరఖాస్తు పెట్టారన్న సంగతే

దుర్గ్‌లో బయల్దేరి విశాఖపట్నం వెళ్లే రైలు రాయ్‌పూర్, మహాసముంద్ దాటాక ఒడిశాలోకి ప్రవేశిస్తుంది. టిట్లాగఢ్, రాయగడల మీదుగా సాగి పార్వతీపురం దగ్గరకొచ్చేసరికి ఆంధ్రప్రదేశ్‌లో ఉంటుంది. అందులో ప్రయాణించే భిలాయి ఉద్యోగి జేబులోని డ్రైవింగ్ లైసెన్స్ మూడు రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. అదే ఆయన దగ్గర దుర్గ్ కలెక్టర్ ఇచ్చిన లైసెన్స్ మీద కొన్న .32 రివాల్వర్ ఉంటే లెక్క మారిపోతుంది. చెల్లుబాటు పరిధి అన్నచోట ‘ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం’ అని మాత్రమే రాసి ఉంటే, రాష్ట్రం పొలిమేర దాటిన క్షణం నుంచి ఆయన నేరం చేస్తున్నట్టే. బోగీ మారలేదు, మనిషి మారలేదు, తుపాకీ మారలేదు. మారిందల్లా కిటికీ అవతలి రాష్ట్రం.

ఛత్తీస్‌గఢ్‌కు ఇలాంటి పొలిమేరలు ఏడున్నాయి. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్. 2014లో ఆంధ్రప్రదేశ్ విడిపోయాక కూడా రెండు తెలుగు రాష్ట్రాలూ దానికి పొరుగునే మిగిలాయి. ఇక భిలాయి విషయానికొస్తే, సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో పుట్టిన ఈ ఉక్కు నగరం దేశం నలుమూలల నుంచి వచ్చిన వాళ్లతో నిండింది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటికే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలసలు మొదలయ్యాయి. పని ఇక్కడ, పొలం అక్కడ, పిల్లలు ఇంకెక్కడో. అలాంటి ఊళ్లో తుపాకీ లైసెన్స్ ఒక్క చోటికి కట్టేసిన కాగితంగా ఉండటం చిన్న చిక్కేమీ కాదు.

చట్టం కేంద్రానిది, చెయ్యి జిల్లాది

పొరుగు రాష్ట్రాల తుపాకీ నిబంధనలను పోల్చి చూడటం అమెరికాలో పెద్ద చర్చ. అక్కడ ఆయుధం ధరించే హక్కు రాజ్యాంగంలోనే ఉంది. కానీ తుపాకీని దుస్తుల మాటున పెట్టుకుని తిరగడానికి ఏ రాష్ట్రం నిబంధన ఆ రాష్ట్రానిదే. సగానికి పైగా రాష్ట్రాల్లో అసలు అనుమతే అక్కర్లేదు. మిగిలినచోట్ల ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్‌ను పక్క రాష్ట్రం గుర్తించవచ్చు, గుర్తించకపోవచ్చు. అందరూ అందరివీ గుర్తించాలన్న బిల్లు 2017లో ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది. ‘సరైన కారణం’ చూపితేనే పర్మిట్ అన్న న్యూయార్క్ నిబంధనను 2022లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది.

భారత్‌లో లెక్క సరిగ్గా తిరగబడుతుంది. ఆయుధాలు, తుపాకులు, మందుగుండు రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లోని కేంద్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి రాష్ట్రాలకు సొంత తుపాకీ చట్టాలు లేవు. 1962లో అమల్లోకి వచ్చిన 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 జూలైలో నోటిఫై అయిన ఆయుధాల నిబంధనలే భిలాయికైనా, భద్రాచలానికైనా. కాకపోతే ఇక్కడ తుపాకీ హక్కు కాదు. 1931 నాటి కాంగ్రెస్ కరాచీ తీర్మానం ఆయుధం ధరించడాన్ని పౌరుడి హక్కుల్లో చేర్చింది. 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుగా పెట్టాలని సవరణ ప్రతిపాదించారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. మన రాజ్యాంగం పౌరులకు ఇచ్చింది ‘ఆయుధాలు లేకుండా’ శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు.

విచిత్రమేమిటంటే, అమెరికా రాష్ట్రాలు ప్రత్యేకంగా అనుమతిచ్చే పని ఇక్కడ తప్పనిసరి. 2016 నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్టలో రివాల్వరో ఉన్న వ్యక్తి దాన్ని ఒరలో గానీ అలాంటి సంచీలో గానీ పెట్టుకోవాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి, తన అదుపులో ఉండాలి. గుళ్లో, పెళ్లి ఊరేగింపులో, సభలో బయటికి తీసి చూపడం, గాల్లోకి కాల్చడం నిషిద్ధం. 2019 సవరణ ఈ సంబరాల కాల్పులకు రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పెట్టింది. ఒక మనిషికి మూడు తుపాకులన్న పాత పరిమితి రెండుకు తగ్గింది. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. కొత్తగా లైసెన్స్ అడిగేవాళ్లు ఆయుధ భద్రతలో శిక్షణ పొందినట్టు చూపాలని 2016 నిబంధనలే చెప్పాయి.

ఇంతవరకు ఏడు పొరుగు రాష్ట్రాల్లోనూ తేడా లేదు. తేడా మొదలయ్యేది దరఖాస్తు కలెక్టరేట్ మెట్లెక్కాక.

‘తగిన కారణం’ ఎవరి తూకం?

9 ఎంఎం, .38, .303 లాంటి నిషిద్ధ బోర్ ఆయుధాలకు లైసెన్స్ ఇచ్చేది కేంద్ర హోం శాఖ. .32 రివాల్వర్, 12 బోర్ తుపాకీ లాంటివి జిల్లా మేజిస్ట్రేట్ పరిధిలోకి వస్తాయి. భిలాయి వాసులకు ఆ అధికారి దుర్గ్ కలెక్టర్. హైదరాబాద్, నాగ్‌పూర్ లాంటి పోలీస్ కమిషనరేట్లలో ఆ పని పోలీస్ కమిషనర్‌ది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. దుర్గ్‌లో విచారణ నివేదిక ఇచ్చేది పోలీసులు, దాన్ని తూచేది రెవెన్యూ అధికారి. కమిషనరేట్‌లో విచారించేదీ నిర్ణయించేదీ ఒకే శాఖ. కాదంటే అప్పీలు దారి కూడా వేరే. డివిజనల్ కమిషనర్ ఉన్న రాష్ట్రాల్లో జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వు మీద ఆయన దగ్గరికి వెళ్లాలి. ఆ వ్యవస్థ లేనిచోట ప్రభుత్వం దగ్గరికే.

చట్టం కలెక్టర్‌కు ఒకచోట కళ్లెం వేసింది, మరోచోట పగ్గాలు వదిలింది. ఆత్మరక్షణకో, క్రీడకో 20 అంగుళాలకు తగ్గని నునుపు గొట్టం తుపాకీ అడిగితే, పంట కాపలాకు గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకీ అడిగితే, అనర్హత ఏదీ లేనప్పుడు లైసెన్స్ ఇవ్వాలి. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ‘భర్మార్’ అనేది ఈ రకం తుపాకీనే. రివాల్వర్, పిస్టల్ దగ్గరకొస్తే మాత్రం ‘తగిన కారణం’ ఉందని అధికారి నమ్మాలి. ఏది తగిన కారణం? ఆస్తిపాస్తులు లేవన్న ఒక్క సాకుతో నిరాకరించకూడదని, నిరాకరిస్తే కారణం రాసి పెట్టాలని చట్టమే చెబుతోంది. తీవ్రవాదుల ప్రభావమున్న ప్రాంతంలో ఉండి ప్రాణభయం ఎదుర్కొంటున్న వారి దరఖాస్తులను పరిశీలించాలని 2016 నిబంధనలు చెప్పాయి. మిగతాదంతా విచక్షణే.

ఆ విచక్షణ ఎంత దూరం పోతుందో చూడాలంటే ఛత్తీస్‌గఢ్ 2000 నవంబర్ 1 దాకా భాగంగా ఉన్న మధ్యప్రదేశ్‌కే వెళ్లాలి. చంబల్ ప్రాంతంలో భుజాన తుపాకీ పరువుకు గుర్తు. ఆ మోజును కుటుంబ నియంత్రణకు వాడుకోవాలని 2008లో శివపురి జిల్లా యంత్రాంగం తలచింది. వేసెక్టమీ చేయించుకున్న పురుషులకు తుపాకీ లైసెన్స్ త్వరగా ఇస్తామంది. 2019లో గ్వాలియర్‌లో మరో షరతు వచ్చింది. లైసెన్స్ కావాలంటే పది మొక్కలు నాటి, వాటితో సెల్ఫీ దిగి చూపాలి. మొక్కలు నాటడం మంచిదే, ఆపరేషనూ మంచిదే. కానీ వీటిలో ఏ ఒక్కటీ ఆయుధాల చట్టంలో లేదు. ఇదే పని దుర్గ్‌లోనో కోరాపుట్‌లోనో చేసిన వాడికి తుపాకీ దగ్గరయ్యేది కాదు.

అంకెలు కూడా ఇదే కథ చెబుతాయి. కేంద్ర హోం శాఖ లెక్కల ప్రకారం 2016 డిసెంబర్ 31 నాటికి దేశంలో 33.69 లక్షల లైసెన్సులున్నాయి. అందులో ఉత్తరప్రదేశ్‌వే 12.77 లక్షలు. మధ్యప్రదేశ్‌లో 2.47 లక్షలు, మహారాష్ట్రలో 84 వేలు, ఒడిశాలో దాదాపు 20 వేలు. 2011 జనాభాతో భాగిస్తే ప్రతి లక్ష మందికి ఉత్తరప్రదేశ్‌లో 640, మధ్యప్రదేశ్‌లో 340, మహారాష్ట్రలో 75, ఒడిశాలో 50 లోపే. నాలుగూ ఛత్తీస్‌గఢ్‌కు పొరుగు రాష్ట్రాలే. నాలుగింటిలోనూ ఒకే ఫారం, ఒకే సెక్షన్లు. ఒకరి ప్రాణభయం పక్క రాష్ట్రం వాడి ప్రాణభయం కంటే ఏడింతలు ఉంటుందా? అలవాటు, పలుకుబడి, అధికారుల ధోరణి కలిస్తేనే ఇంత తేడా.

ఒకే రాష్ట్రంలోనూ ఈ తేడా ఉంటుంది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో 2024 డిసెంబర్‌లో ఒక సర్పంచ్ హత్య జరిగాక అందరి చూపూ అక్కడి తుపాకుల మీద పడింది. జిల్లాలో 1,200కు పైగా లైసెన్సులున్నట్టు తేలింది. తర్వాత కొద్ది నెలల్లోనే వందకు పైగా రద్దయ్యాయి. అన్ని లైసెన్సులు ఒక్కసారిగా అనర్హమైనవి కావు. ఇచ్చేటప్పుడు వేయని తూకం హత్య జరిగాక వేశారన్నమాట.

మూడు పక్కలు చాలు

లైసెన్స్ చేతికొచ్చాక రెండో అంకం మొదలవుతుంది, అది ఎంతదూరం చెల్లుతుందన్నది. 2010 మార్చి 31న కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు పంపిన విధానం ఇక్కడ గీత గీసింది. జిల్లా మేజిస్ట్రేట్ రాష్ట్రమంతటికీ వర్తించేలా ఇవ్వవచ్చు. అంతకుమించి కావాలంటే రాష్ట్ర ప్రభుత్వం గరిష్ఠంగా మూడు పొరుగు రాష్ట్రాల వరకు పొడిగించవచ్చు. దేశమంతటా చెల్లే లైసెన్స్‌ను రాష్ట్రాలు ఇవ్వగలిగింది కేంద్ర మంత్రులు, ఎంపీలు, సైనిక, పారామిలటరీ సిబ్బంది, అఖిల భారత సర్వీసుల అధికారులు, దేశంలో ఎక్కడికైనా బదిలీ కాగల అధికారులు, క్రీడాకారుల వంటి వర్గాలకే.

ఏడు పక్కలున్న రాష్ట్రానికి మూడు పక్కల నిబంధన ఎలా కుదురుతుంది? భిలాయిలో స్థిరపడిన తెలుగు వ్యాపారిని ఊహించుకోండి. సరుకు కోసం నాగ్‌పూర్, సొంతూరి కోసం పార్వతీపురం, మధ్యలో రాయగడ. మహారాష్ట్ర, ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లతో మూడూ అయిపోయాయి. హైదరాబాద్‌లో కూతురి ఇంటికి తుపాకీతో వెళ్లే వీల్లేదు. బిలాస్‌పూర్ మీదుగా జబల్‌పూర్ వెళ్లే పని పడితే ఆయుధం ఇంట్లో భద్రపరచాలి, లేదా లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో పోలీస్ స్టేషన్‌లోనో జమ చేయాలి.

గీత దాటితే ఏమవుతుంది? లైసెన్స్ షరతు ఉల్లంఘనగా చూస్తే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ లేకుండా ఆయుధం ఉంచుకున్నట్టు చూస్తే 2019 సవరణ తర్వాత రెండు నుంచి ఐదేళ్ల జైలు, జరిమానా. పట్టుకున్న స్టేషన్ ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ రాస్తుందన్న దాని మీదే ఆ మనిషి భవిష్యత్తు ఆధారపడుతుంది.

రిటైరయ్యాక ఎటు?

ఉక్కు కర్మాగారానికి కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానిది. తుపాకీ లైసెన్స్ ప్రశ్న ఎదురయ్యేది గోడ బయట, టౌన్‌షిప్‌లో, పవర్‌హౌస్ బజారులో, బ్యాంకుల ముందు. ఇక్కడ రెండు రకాల మనుషులకు ఈ నిబంధనలు నేరుగా తగులుతాయి.

మొదటి రకం రిటైరై సొంతూరు చేరే ఉద్యోగులు. క్వార్టర్ ఖాళీ చేసి సామాను లారీకెక్కించినంత తేలిగ్గా తుపాకీని తరలించలేరు. ముందు దాని పరిధి కొత్త ఊరిదాకా ఉండాలి. నివాసం మారితే ఆ సంగతి 30 రోజుల్లోగా పాత లైసెన్సింగ్ అధికారికీ, కొత్త చోటి అధికారికీ తెలపాలి. అప్పుడు దుర్గ్ ఇచ్చిన లైసెన్స్‌ను చూసేది శ్రీకాకుళం జిల్లా కలెక్టర్. దుర్గ్‌లో నమ్మిన ‘తగిన కారణం’ అక్కడా నమ్మాలన్న రూలేమీ లేదు. వయసు మీదపడి పిల్లలకు ఇద్దామన్నా దారి ఉంది. లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ కొని 25 ఏళ్లయినా భార్య లేదా భర్త, కొడుకు, కూతురు, అల్లుడు, కోడలు, తోబుట్టువుల్లో ఒకరి పేరిట మార్చమని అడగవచ్చు. కానీ వారసుడికి కూడా అర్హతల పరీక్ష తప్పదు. కొడుకు హైదరాబాద్‌లో ఉంటే అక్కడి కమిషనరేట్, అమెరికాలో ఉంటే తుపాకీ దారి డీలర్ దుకాణానికే.

రెండో రకం బ్యాంకులు, నగల దుకాణాల ముందు 12 బోర్ తుపాకీతో నిలబడే గార్డులు. ఈ ఉద్యోగంలో మనిషి కంటే తుపాకీకే విలువెక్కువ. సొంత లైసెన్స్, సొంత తుపాకీ ఉంటేనే పని దొరుకుతుంది, జీతం కాస్త పెరుగుతుంది. చాలామంది మాజీ సైనికులు, వేరే రాష్ట్రాల వాళ్లు. వారి లైసెన్స్ ఛత్తీస్‌గఢ్‌లో చెల్లుతుందా లేదా అన్నది వారి పొట్టకూటి ప్రశ్న. ఆ అవసరాన్ని సొమ్ము చేసుకున్నవాళ్లూ ఉన్నారు. జమ్మూకశ్మీర్‌లో 2012-16 మధ్య 2.78 లక్షల లైసెన్సులు అడ్డదారిలో జారీ అయ్యాయన్న ఆరోపణపై సీబీఐ దర్యాప్తు చేపట్టింది. 2017లో రాజస్థాన్ పోలీసులు లాగిన తీగకు కదిలిన డొంక అది. 2022లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న సెక్యూరిటీ గార్డుల దొంగ లైసెన్సుల దారి కూడా అక్కడికే తీసింది.

దీనికి కేంద్రం చూపిన మందు జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్. ప్రతి లైసెన్స్‌దారుకు విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి, అది లేని పుస్తకం చెల్లదు. దీనివల్ల దొంగ పుస్తకాన్ని పట్టుకోవడం తేలికైంది. నిజమైన పుస్తకం పరిధి మాత్రం అంగుళం కూడా పెరగలేదు.

ఎన్నికలొస్తే మళ్లీ ఠాణాకు

పొరుగు రాష్ట్రాల తేడా బాగా తెలిసొచ్చేది ఎన్నికలప్పుడు. జిల్లా స్థాయి స్క్రీనింగ్ కమిటీ లైసెన్సులను సమీక్షించి, బెయిల్‌పై ఉన్నవారు, నేర చరిత్ర ఉన్నవారు, అల్లర్లలో పాలుపంచుకున్నవారి వంటి వాళ్ల ఆయుధాలు జమ చేయిస్తుంది. ఫలితాలొచ్చాక తిరిగిస్తారు. ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు 2024లో కలిసే జరిగాయి. కాబట్టి తుపాకీ ఒక్కసారే ఠాణాకు వెళ్లింది. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, తెలంగాణల్లో 2023 నవంబర్‌లో అసెంబ్లీ ఎన్నికలు, మళ్లీ 2024 వేసవిలో లోక్‌సభ ఎన్నికలు. అదే తుపాకీ రెండుసార్లు వెళ్లి రావాలి. ఎవరిని జమ చేయమనాలి, ఎవరిని వదిలేయాలన్నది మళ్లీ జిల్లా కమిటీ ఇష్టమే.

చంపింది ఏ తుపాకీ?

ఇంత కట్టుదిట్టం చేసినందుకు భద్రత పెరిగిందా? భిలాయి దగ్గర దీనికి చేదు జవాబుంది. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా నేత శంకర్ గుహా నియోగిని ఇక్కడి హుడ్కో క్వార్టర్‌లో నిద్రలో ఉండగా కిటికీలోంచి కాల్చి చంపారు. వాడింది నాటు పిస్టల్. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పలువురికి శిక్ష వేసింది. మరుసటి ఏడాది హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు కాల్పులు జరిపిన పల్టన్ మల్లాకు మాత్రం యావజ్జీవం ఖరారు చేసింది. ఆ పిస్టల్‌కు కలెక్టర్ సంతకమూ అక్కర్లేదు, మూడు రాష్ట్రాల పొడిగింపూ అక్కర్లేదు.

లైసెన్స్ లేని ఆయుధాల బెడదను 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణకు తీసుకుంది. అమెరికాలోలాగా ఇక్కడ ఆయుధం ప్రాథమిక హక్కు కాదని గుర్తు చేసింది. అంతకు ముందు, 2011 జూలైలో, ఛత్తీస్‌గఢ్‌కే మరో పాఠం చెప్పింది. మావోయిస్టులను ఎదుర్కోవడానికి అంతంతమాత్రం చదువున్న ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా నియమించి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని, ఆ ఆయుధాలు వెనక్కు తీసుకోవాలని ఆదేశించింది. రివాల్వర్ అడిగిన పౌరుడిని వంద ప్రశ్నలు వేసే రాష్ట్రం, బస్తర్‌లో తుపాకీ చేతికిచ్చేటప్పుడు ఆ తూకం వేయలేదు.

తుపాకులు తగ్గాలన్నదాంట్లో పెద్దగా వాదన లేదు. లైసెన్స్ సులువు చేయమని అడగాల్సిన పనీ లేదు. అడగాల్సింది వేరే. ఒకే చట్టం కింద గ్వాలియర్‌లో ఒక కొలత, రాయగడలో మరో కొలత, దుర్గ్‌లో ఇంకో కొలత ఉండకూడదని. ‘తగిన కారణం’ అంటే ఏమిటో కేంద్రం రాసిపెట్టి, ప్రతి జిల్లా ఏడాదికి ఎన్ని దరఖాస్తులు ఒప్పుకుంది, ఎన్ని కాదంది, ఎందుకన్నది ప్రకటిస్తే సగం చిక్కు విడిపోతుంది. విశిష్ట సంఖ్యతో ప్రతి లైసెన్స్ వివరం కంప్యూటర్‌లో ఉన్న రోజుల్లో, రిటైరై ఊరు చేరే ఉద్యోగి లైసెన్స్ బదిలీకి రెండు కలెక్టరేట్ల చుట్టూ తిరగాల్సిన అవసరమూ ఉండకూడదు.

అప్పటిదాకా రైలెక్కే ముందు టికెట్‌తోపాటు లైసెన్స్ పుస్తకంలోని పరిధి కూడా ఒకసారి చదువుకోవడం భిలాయి వాసులకు తప్పని పని.